గూళ్లకు ఊరు కాపలా, మరి మేతకో?

తెలుగు నేల మీద పక్షుల ఊళ్లకు కొదవ లేదు. శ్రీ సత్యసాయి జిల్లాలో వీరాపురం, గుంటూరు పక్కన ఉప్పలపాడు, సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు, వేదురుపట్టు, శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, తేలుకుంచి. ఏటా సీజన్‌లో టీవీ కెమెరాలు వస్తాయి, గ్రామస్తులు పక్షుల్ని కన్నబిడ్డల్లా చూసుకుంటున్నారన్న వార్త వస్తుంది, పక్షులతోపాటే ఆ వార్తా వెళ్లిపోతుంది. ఆ వార్తలో అబద్ధం లేదు. అయితే అందులో ఉన్నది సగం కథే. ఊరు కాపాడుతున్నది గూటిని. గూట్లో పిల్లకు తిండి దొరికే చోటు ఊరి చేతిలో లేదు. ప్రజల భాగస్వామ్యంతో జీవవైవిధ్య పరిరక్షణ అంటూ ముప్పై ఏళ్లుగా మన రెండు రాష్ట్రాల్లో జరిగిన పనిని ఒక్కచోట పెట్టి చూస్తే, మంచిదైనా చెడ్డదైనా ప్రతి ఉదాహరణా చివరికి ఈ తేడా దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ముందు ఊళ్ల గొప్పతనం చెప్పుకోవాలి, ఎందుకంటే అది తేలిక పని కాదు. ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టిన చింతచెట్టు కింద ఇల్లుంటే ఏమవుతుందో అక్కడికి వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. తల్లి నోట్లోంచి జారిన చేపలు వాకిట్లో పడి ఎండకు కుళ్లుతాయి. బట్టలు బయట ఆరేయలేరు, వాకిలి ఒకసారి ఊడిస్తే చాలదు. గాలికి గూట్లోంచి కిందపడ్డ పిల్లల్ని కుక్కల నోట పడకుండా చూడాలి. దానికి తోడు, చింతపండు మీద వచ్చే నాలుగు డబ్బులూ తగ్గుతాయి. ఇదంతా నెలల తరబడి భరించేది ఆ ఇంటివాళ్లే, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లు. సన్మానాలు, శాలువాలు మాత్రం వేరేవాళ్లకు పోతుంటాయి.

ఎందుకు భరిస్తారంటే కారణాలు ఊరికొకటి. పక్షులు వస్తే వానలు బాగుంటాయన్న నమ్మకం చాలాచోట్ల ఉంది. రాని ఏడాది కరువే అంటారు. చెరువు నిండితేనే చేప, చేప ఉంటేనే కొంగ కాబట్టి ఆ నమ్మకంలో నిజం లేకపోలేదు. నేలపట్టులో చెరువు నీళ్లలో నిలబడే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి, వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి పారితే ఎరువుతో పనుండదని రైతులు చెబుతారు. తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలైతే వరిచేలల్లో నత్తల్ని ఏరి తినేస్తాయి. అంటే భక్తి, లెక్క రెండూ కలిసే ఉన్నాయి. ఈ లెక్కను దాచిపెట్టి ఊరివాళ్లను అమాయక ప్రకృతి ప్రేమికులుగా చూపించడం మన రాతల్లో పాత జబ్బు. ఎర్రకాళ్ల కొంగనూ గూడబాతునూ సైబీరియా పక్షులని రాయడం ఇంకో జబ్బు. అవి పుట్టేదీ పెరిగేదీ ఇక్కడే, నీళ్లను బట్టి ఊరు మారుస్తాయి, అంతే. ఎక్కడో చలి తట్టుకోలేక వచ్చిన అతిథులని అనుకున్నంతకాలం వాటికి అన్నం పెట్టే పూచీ మనది కాదనిపిస్తుంది.

ఇక మేత సంగతి. ఎర్రకాళ్ల కొంగ చేపను చూసి పట్టదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తుంది, ఏదైనా తగలగానే టక్కున మూస్తుంది. కాబట్టి దానికి కావలసింది చెరువు కాదు, చెరువు అంచు. మెల్లగా వాలిన ఒడ్డు, పలచటి నీరు, అందులో చిన్న చేపలు. తెలంగాణలో మిషన్ కాకతీయ లాంటి పూడికతీత పథకాలు రైతుకు మేలే చేశాయి, తీసిన మట్టి పొలాలకు చేరింది, నీటి నిల్వ పెరిగింది. కానీ జేసీబీ చెరువును గిన్నెలా లోతుగా తవ్వి, ఒడ్డును గోడలా నిలబెట్టినచోట కొంగ దిగడానికి చోటు లేకుండా పోయింది. గూడు కట్టిన చెట్టు ఊళ్లో భద్రంగానే ఉంది. పిల్ల కడుపు నింపే చెరువులు పది ఊళ్ల అవతల ఉన్నాయి. ఆ పది ఊళ్లకూ ఈ ఊరి పక్షులతో పనేమిటి?

తేలినీలాపురంలో ఈ ప్రశ్న శవాల రూపంలో వచ్చింది. 2021 చివర్లో, 2022 మొదట్లో అక్కడ వందకు పైగా గూడబాతులు చచ్చి చెట్ల మీంచి రాలాయి. కడుపు కోసి చూస్తే నులిపురుగులు కనిపించాయి. చేపల ద్వారా ఎక్కిన పురుగులవి, చుట్టుపక్కల చేపల చెరువుల్లో మేయడమే కారణమని అధికారులు అనుమానించారు. అంతకు మూడేళ్ల ముందు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ ప్రాంతంలో చెట్లను కూకటివేళ్లతో పెకిలించింది. తుపాను తర్వాత ఊరు మళ్లీ మొక్కలు నాటుకోగలదు. మైళ్ల దూరంలో ఎవరి చేపల చెరువులోనో నీళ్లు ఎలా ఉన్నాయో చూసే అధికారం ఏ పంచాయతీకి ఉంది?

ఈ గూడు–మేత చీలికను అన్నిటికంటే పెద్ద అచ్చులో చూడాలంటే కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో, వాగులూ డ్రెయిన్లూ తెచ్చిన నీటిని పట్టి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే సరస్సు అది. ఒకప్పుడు లంక గ్రామాల వాళ్లు వేసవిలో నీరు తగ్గినచోట వరి వేసుకుని, వానాకాలం చేపలు పట్టుకుని బతికేవాళ్లు. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాల పేరిట చేపల చెరువులు ఇచ్చింది. లాభం కనిపించేసరికి బయటి పెట్టుబడి దిగింది, సంఘాల పేర్లు కాగితం మీద మిగిలి, చెరువులు లీజుల మీద పెద్దల చేతుల్లోకి పోయాయి. 1999లో అయిదో కాంటూరు (ఎత్తు గీత) వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు, బాంబులు పెట్టి కూడా పేల్చారు.

ఆ గట్లు తెగినప్పుడు ఎవరికి ఎంత తగిలిందన్నది ఈ వ్యాసానికి అసలు విషయం. లీజుకు తీసుకున్నవాడు మరో చోట చెరువు తవ్వుకున్నాడు. లంక గ్రామంలో గట్టు మీద కూలికి పోయేవాడికి, సంఘంలో వాటా ఉన్నవాడికి బతుకు తెగింది. ప్రత్యామ్నాయ ఉపాధి అన్న మాట చాలామందికి మాటగానే మిగిలింది. దాంతో అభయారణ్యమంటే అన్నం లాక్కునేదన్న అర్థం స్థిరపడింది, 2008లో కాంటూరును మూడుకు తగ్గించాలని శాసనసభే తీర్మానం చేసింది. తగ్గించడం కుదరదని నిపుణుల కమిటీ చెప్పింది. గట్లు మళ్లీ లేచాయి, కేసులు మళ్లీ సుప్రీంకోర్టుకు చేరాయి. ఈ మొత్తం గొడవలో లంక గ్రామాల సభలను ముందుగా కూర్చోబెట్టి, ఏ మేర చెరువు ఉండాలి, ఏ మేర నీరు పారాలి అని అడిగిన సందర్భం కనిపించదు. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతుల కోసం ఇనుప స్టాండ్లు నిలబెట్టారు, అవి చక్కగా గూళ్లు పెట్టుకుంటున్నాయి, పర్యాటకులు పడవల్లో తిరిగి ఫొటోలు తీసుకుంటున్నారు. గూడబాతు లోతు నీళ్లలో ఈదుతూ చేప పట్టగలదు కాబట్టి చేపల చెరువుల కాలంలోనూ నెగ్గుకొస్తోంది. పలచటి నీళ్లు కావలసిన పొడుగుకాళ్ల పిట్టలకు అది చేతకాదు. ఒక పక్షి బాగుందని సరస్సు బాగుందనుకోవడం ఆటపాకలో చాలా తేలిగ్గా జరిగే పొరపాటు.

సముద్రం ఒడ్డున కూడా ఇదే కథ. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు మత్స్యకార యువకులను కాపలాకు పెట్టుకుని, గుడ్లను కంచె వేసిన హేచరీలకు మార్చి, పిల్లల్ని కడలిలో వదులుతున్నాయి. తీరమంతా తిరిగేవాళ్లు వాళ్లే కనుక ఆ పని వాళ్లకంటే బాగా ఎవరూ చేయలేరు. అదే ఒడ్డుకు ప్రతి ఏటా ట్రాలర్ వలల్లో ఊపిరాడక చచ్చిన పెద్ద తాబేళ్లు కొట్టుకొస్తాయి. వలలో తాబేలు బయటపడే అమరిక పెట్టించడం తెడ్డు పడవవాడి చేతిలో లేదు. హేచరీ లెక్కలు మాత్రం ఏటా పేపర్లో వస్తాయి.

అలాగని ప్రజలు మేతను కూడా కాపాడిన ఉదాహరణ లేదనుకుంటే పొరపాటు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ చుట్టుపక్కల ఊళ్లతో కలిసి కల్పవల్లి అనే గుట్టల ప్రాంతాన్ని మళ్లీ పచ్చగా చేసింది. రెవెన్యూ రికార్డుల్లో అది బంజరు, పనికిరాని నేల. మొదట చేసిన పని మొక్కలు నాటడం కాదు, నిప్పు ఆపడం. ఎండాకాలానికి ముందే గడ్డి కోసి వెడల్పాటి దారులు తీసి, మంట ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకు పాకకుండా చేశారు. ఊరికి ఇంతమందని కావలివాళ్లను పెట్టుకున్నారు. మందలు ఎప్పుడు ఎక్కడ మేయాలో ఊరే కట్టడి చేసుకుంది. నేల తన పని తాను చేసుకుంది. వాగుల వెంట ఈత చెట్లు లేచాయి, గుట్టల మీద బోద గడ్డి పెరిగింది, కింద ఊళ్ల చెరువుల్లోకి నీరు ఎక్కువ రోజులు దిగింది. ఈత ఆకు, గడ్డి, సీతాఫలం, పశువుల మేత మీద ఊళ్లకు ఆదాయం మొదలైంది. కృష్ణజింకలు, తోడేళ్లు, ఎలుగులు తిరగడం మొదలైంది. ఇదంతా దాదాపు 9 వేల ఎకరాల్లో. ఉమ్మడి గొర్రె పుచ్చి చస్తుందని మన సామెత. కల్పవల్లిలో అది నిక్షేపంగా బతికింది, ఎందుకంటే ఉమ్మడి అన్నారే తప్ప కట్టడి లేకుండా వదిలేయలేదు.

అప్పుడు గాలిమరలొచ్చాయి. బంజరు భూమి కదా, ప్రభుత్వం కంపెనీకి ఇచ్చింది. గుట్టల నెత్తిన పదుల సంఖ్యలో మరలు, వాటికి క్రేన్లు ఎక్కడానికి వెడల్పాటి రోడ్లు. గుట్ట తొలిచిన మట్టి వాగుల్లోకి జారింది, రోడ్లు పడ్డాక బయటివాళ్ల రాకపోకలు పెరిగాయి, నిప్పు భయం పెరిగింది. గాలిమరలకు పర్యావరణ ప్రభావ అంచనా అక్కర్లేదని 2006 నోటిఫికేషన్ మినహాయించింది గనుక ప్రజాభిప్రాయ సేకరణ అన్న తంతు కూడా జరగలేదు. వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. గాలిమరలు చెడ్డవని నేననడం లేదు, కరెంటు కావాలి. ఇరవై ఏళ్లు కాపలా కాసినవాళ్లు ఆ నేల గురించి సంతకం పెట్టాల్సినవాళ్ల జాబితాలో లేకపోవడం దగ్గరే నాకు అభ్యంతరం.

గడ్డి నేలలు, ముళ్లపొదల నేలలు మన సర్కారీ లెక్కల్లో ఎప్పుడూ ఖాళీ జాగాలే. కడప జిల్లాలో కలివికోడి కథ దీనికి గట్టి సాక్ష్యం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చివరిసారి కనిపించి అంతరించిపోయిందనుకున్న ఈ రాత్రి పక్షి 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. పట్టింది శాస్త్రవేత్త కాదు, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు పక్షి బొమ్మలు చూపిస్తూ తిరిగిన ఊళ్లలోని ఒక స్థానిక వేటగాడు, టార్చిలైటు వెలుగులో. దాని కోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ఆ తర్వాత పరిశోధకులు నేల మీద మెత్తటి మట్టి పరిచి, తెల్లారి అడుగుల గుర్తులు లెక్కపెట్టి తెలుసుకున్నదేమంటే, ఈ పక్షికి చిక్కటి అడవీ పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. పొదలూ, పొదల మధ్య ఖాళీ నేలా రెండూ ఉండాలి. ఆ ఖాళీని ఉంచుతున్నదెవరు? మితంగా మేసే మేకలూ గొర్రెలూ, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునే ఆడవాళ్లూ. మేపు అతిగా జరిగితే పొదలు పోతాయి, పూర్తిగా ఆపితే పొదలు మూసుకుపోతాయి. ఇంత సున్నితమైన లెక్కను కంచె వేసి, మేకల్ని తరిమి సాధించడం కష్టం. మేకలవాడు ఇక్కడ శత్రువు కాదు, సగం శిల్పి. అతనికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వే యంత్రాలు ఈ పొదల్లోకి దిగాయి. అప్పుడు పరిశోధకులూ అటవీ శాఖా అడ్డుపడి, కాలువ దారి మళ్లించి, కొంత భూమి అభయారణ్యంలో కలిపించారు. పల్లెలు ఆ గొడవలో చూస్తూ ఉండిపోయాయి.

కర్నూలు వైపు రోళ్లపాడు దీనికి తిరగేసిన కథ. బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. కంచెలోపల గడ్డి పెరిగింది, కృష్ణజింకలు పెరిగాయి, కంచె దాటి శనగ, జొన్న చేలల్లో పడ్డాయి. బట్టమేక పక్షి మాత్రం కంచెలో ఉండేది కాదు, ఆరు చదరపు కిలోమీటర్లు దానికి ఏ మూలకూ చాలవు, బయటి బీళ్లలోనూ చేలల్లోనూ తిరిగేది. ఆ పొలాల రైతుకు అభయారణ్యం వల్ల వచ్చింది జింకల నష్టం, భూమి లాక్కుంటారేమోనన్న భయం. రైతు మనసు విరిగింది, నీళ్లొచ్చి పంటలు మారాయి, పక్షి కనుమరుగైంది. కృష్ణా తీరంలో మక్తల్ వైపు రైతులు ఈరోజుకూ జింకల మందలతో వేగుతున్నారు. అడవిపందికి పెట్టిన కరెంటు తీగకు చిరుతలూ, ఒక్కోసారి మనుషులూ బలవుతున్నారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పులులు చచ్చాయి. పశువును చంపిన పులికి, ఆ కళేబరంలోనే విషం కలిపి పెట్టారన్నది కేసు. చచ్చిన ఎద్దుకు పరిహారం దుక్కి సీజన్ దాటాక వస్తే ఆ రైతుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అడవుల్లో భాగస్వామ్యం అన్న మాటకు మన దగ్గర మంచి పేరే ఉండేది. 1992లో వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి, 2002 నుంచి ప్రపంచ బ్యాంకు డబ్బుతో సామాజిక అటవీ యాజమాన్యం అన్నారు. వేల సంఖ్యలో సమితులు, మీటింగులు, రిజిస్టర్లు. కొన్నిచోట్ల వెదురు మీద నిజంగానే ఆదాయం వచ్చింది. ప్రాజెక్టు డబ్బు ఆగగానే చాలా సమితులు ఆగాయి. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక సామాజిక హక్కు పత్రాలు గ్రామసభకు ఇవ్వాల్సింది, ఆంధ్రప్రదేశ్‌లో చాలావరకు ఈ సమితుల పేరునే ఇచ్చారన్న విమర్శ ఉంది. అంటే యాజమాన్యం మళ్లీ తిరిగి శాఖ చేతికే. నల్లమలలో చెంచు యువకులు బేస్ క్యాంపుల్లో ఉంటూ పులి అడుగు చూసి ఏ పులో, ఎటు పోయిందో చెబుతారు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అడవిలో పులుల సంఖ్య నిలబడటంలో వాళ్ల కాళ్ల కష్టం ఉంది. వాళ్లు తాత్కాలిక కూలీలు. అడవి గురించి నిర్ణయాల్లో వాళ్లకు కుర్చీ లేదు. 2019లో అమ్రాబాద్ వైపు యురేనియం అన్వేషణ మాట రాగానే చెంచు పెంటల (గూడేల) నుంచి హైదరాబాద్ దాకా గొంతు లేచింది, తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. హక్కు లేనిచోట ఆందోళన ఒక్కటే దారి.

2025 మే నెలాఖరులో తెలంగాణ ప్రభుత్వం తాడోబా, కవ్వాల్ పులుల అడవుల మధ్య దారిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించింది. ఇలాంటి రిజర్వ్ ప్రకటించే ముందు స్థానికులతో సంప్రదించాలని వన్యప్రాణి చట్టమే చెబుతోంది. ఆదివాసీలు బంద్‌లు చేశాక జులైలో ఆ ప్రకటన తాలూకు జీవో 49ని పక్కన పెట్టారు. పులికి ఆ దారి అవసరం, అందులో సందేహం లేదు. కొల్లేరులో చేసిన తప్పునే అడవిలో చేయడం మాత్రం అనవసరం.

ఈ చోట చట్టం గురించి ఒక మాట. నాగాలాండ్‌లోని పాంగ్టీ ప్రాంతంలో 2012లో వలలు వేసి అముర్ డేగల్ని వేల లెక్కన పట్టేవారు. మరుసటి ఏడాదే గ్రామ మండళ్లు నిషేధం పెట్టి, జరిమానా వేసి, వేట ఆపేశాయి. ఈ కథ మన సదస్సుల్లో తరచూ వినిపిస్తుంది. వినిపించని ముక్క ఏమిటంటే అక్కడ భూమి ఊరిది, వంశాలది. ఊరు వద్దంటే వద్దే. మన దగ్గర గుట్ట, కంచ, చెరువు శిఖం, పోరంబోకు అన్నీ ప్రభుత్వానివి. వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణ కమ్యూనిటీ రిజర్వ్ అనే వీలు కల్పించింది, కానీ అది ప్రైవేటు భూమికో ఊరి ఉమ్మడి యాజమాన్యంలోని భూమికో వర్తిస్తుంది. కల్పవల్లి గానీ, వీరాపురం కొంగలు మేసే చెరువులు గానీ ఆ అర్థంలో ఊరివి కావు. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకీ ఒక కమిటీ, ఒక జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టి, జరిమానా భయం చూపాక అవి హడావుడిగా తయారయ్యాయి. ఏజెన్సీలకు పని అప్పగించి, ఒక ఊరి పిట్టల జాబితాను ఇంకో ఊరి రిజిస్టర్లో దించిన సందర్భాలు తెలిసినవాళ్లకు తెలుసు. ఊళ్లో చాలామందికి ఆ కమిటీలో తామున్నామన్న సంగతే తెలియదు.

పట్నాల్లో ఇదే పని కాస్త వేరుగా నడుస్తోంది. 2016లో అమీన్‌పూర్ చెరువుకు జీవవైవిధ్య వారసత్వ స్థలం గుర్తింపు వచ్చింది. మురుగూ ఆక్రమణలూ ఆ బోర్డు చూసి ఆగలేదు. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద 2025 వసంతంలో విద్యార్థులు లేవగానే దేశమంతా విన్నది, సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపింది. పల్లె కంచలకు అంతమంది కెమెరాలు పట్టుకుని రారు.

నిజంగా మొదలుపెట్టాలనుకుంటే చిన్నగా మొదలుపెట్టవచ్చు. పక్షుల ఊళ్ల చుట్టూ అవి మేసే చెరువులేమిటో ఆ ఊళ్ల పిల్లల్ని అడిగితే చెబుతారు. ఆ చెరువుల్లో పూడిక తీసేటప్పుడు ఒక పక్క మోకాలి లోతుకు మించి తవ్వకుండా వదిలితే కొంగకు చాలు, ఆయకట్టుకు పెద్ద నష్టం లేదు. అలా వదలాలని ఆ పంచాయతీ తీర్మానం చేయొచ్చు, జీవవైవిధ్య కమిటీ దాన్ని రిజిస్టర్లో రాయొచ్చు. అయితే ఈరోజు ఆ తీర్మానానికున్న విలువ, గట్టు మీద నిలబడి కాంట్రాక్టరు జేసీబీ డ్రైవరుకు చెప్పే మాటకున్నంత కూడా లేదు.